పాలమూరులో పన్నెండు శనివారాల సంఘ సేవా శిక్షణ: ఒక గ్రామ సంఘ పెద్ద సమీక్ష

మహబూబ్‌నగర్ పట్టణంలో ఒక క్రైస్తవ సంస్థ గ్రామ సంఘాల పెద్దలకు, సండే స్కూలు టీచర్లకు, స్త్రీల సమాజం నాయకురాళ్లకు పన్నెండు శనివారాల శిక్షణ ఇస్తోంది. దీపావళి తరువాత మొదలై, క్రిస్మస్‌కు రెండు వారాలు విరామమిచ్చి, ఫిబ్రవరిలో ముగిసిన గత విడతలో నేనూ చేరాను. రుసుము 2,400 రూపాయలు. మధ్యాహ్న భోజనం, ముద్రించిన పాఠాల పుస్తకం అందులోనే. సేవకు ఒక ఉద్దేశం ఉండాలని, ఆ ఉద్దేశానికి త్వరపడడం తోడవాలని వారి కరపత్రం చెబుతుంది. ఆ రెండింటిలో మొదటిదాన్ని అందరూ ఓ మోస్తరుగా నేర్పారు. రెండోదాన్ని మాత్రం ఇద్దరే నేర్పారు, ఆ ఇద్దరి వల్లనే ఈ సమీక్ష ఇంత పొడుగైంది.

నేను కల్వకుర్తి వైపు ఒక ఊళ్లో ఎరువుల దుకాణం నడుపుతాను. మా పాస్టరు గారికి నాలుగు ఊళ్ల సంఘాలున్నందున రెండు వారాలకొకసారి మాత్రమే మా వంతు వస్తుంది. మిగతా ఆదివారాల్లో వాక్యం చెప్పడం, రోగుల ఇళ్లకు పోవడం, తగవు వచ్చిన ఇంట్లో కూర్చుని ఇరుపక్షాల మాట వినడం, ఎవరైనా కన్నుమూస్తే సమాధి కార్యక్రమానికి మనుషులను కూడగట్టడం, ఇవన్నీ నలుగురు పెద్దల మీదే పడతాయి. వేదాంత కళాశాలలో మూడేళ్లు కూర్చునే వీలు మాలో ఎవరికీ లేదు. అలాంటివారికి శనివారం శిక్షణ అన్నది మంచి ఏర్పాటే. మా విడతలో ముప్పై మందికి పైగా ఉన్నాము. బాప్టిస్టు సంఘాలవారు, మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలవారు, ఏ మిషన్‌కూ చెందని ప్రార్థనా మందిరాలవారు, నల్లగొండ మేత్రాసనం నుంచి వచ్చిన ఇద్దరు కథోలిక ఉపదేశులు ఒకే బల్ల మీద కూర్చుని అన్నం తిన్నాము. ఇది మా ప్రాంతంలో అంత తరచుగా కనిపించే దృశ్యం కాదు.

వసతి గురించి క్లుప్తంగా చెబుతాను. జడ్చర్ల నుంచి బస్సులు విరివిగా ఉన్నాయి కాబట్టి చేరుకోవడం కష్టం కాదు. హాలులో ఫ్యాన్లు పనిచేస్తాయి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, భోజనంలో పప్పుచారు బాగుంటుంది. దూరం నుంచి వచ్చేవారు శుక్రవారం రాత్రి పడుకోవడానికి ఒక గది ఇస్తారు; దుప్పటి మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి, ఎందుకంటే డిసెంబరులో ఆ గచ్చు నేల మీద చాప ఒక్కటీ చాలదు.

ఇక లోపాలు. మొదటిది సమయం. తొమ్మిదిన్నరకు మొదలు కావలసిన తరగతి ఒక్క శనివారం కూడా పదింటికి ముందు మొదలు కాలేదు. రెండో శనివారం నాటి పాఠం, పగలుండగానే పని చేయాలని, రాత్రి వస్తే ఎవరూ చేయలేరని యేసు చెప్పిన యోహాను సువార్త 9:4 మీద. ఆ పాఠం చెప్పవలసిన ఆయన పదిన్నరకు వచ్చారు. నేను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, దుకాణం తాళం చెవులు తమ్ముడికి అప్పగించి, రెండు బస్సులు మారి వచ్చినవాడిని. ఆ గంటసేపు గోడ మీది గడియారాన్ని చూస్తూ కూర్చోవడం వల్ల ఆ వచనం నాకు బాగా గుర్తుండిపోయిన మాట నిజమే కానీ, నేర్పేవారు ఉద్దేశించిన పద్ధతిలో మాత్రం కాదు.

రెండో లోపం పాఠాల పుస్తకం. అది ఇంగ్లీషు నుంచి తెచ్చినదని మొదటి పుట చదివితేనే తెలిసిపోతుంది. సంఘానికి కొత్తగా వచ్చినవారిని కారు నిలిపేచోటే ఎదురెళ్లి పలకరించాలని అందులో ఒక అధ్యాయం ఉంది. మా మందిరం ముందు ఆదివారం నిలిచేవి ఆరు మోటారు సైకిళ్లు, ఒక ఆటో. కొత్తగా ఎవరైనా వస్తే వారి మేనమామ ఎవరో, ఏ వీధిలో ఉంటారో కూర్చోకముందే అందరికీ తెలిసిపోతుంది. మా ఇబ్బంది కొత్తవారిని గుర్తుపట్టడంలో లేదు. పాతవారు రావడం మానేస్తే మూడు నెలలదాకా గమనించకపోవడంలో ఉంది. దాని గురించి ఆ పుస్తకంలో ఒక్క వాక్యం లేదు.

ఉద్దేశం గురించిన పాఠాలు ఇంతకన్నా నయం. నెహెమ్యా గ్రంథం తీసుకుని మూడో శనివారమంతా నడిపారు. యెరూషలేము గోడ 52 రోజుల్లో పూర్తయిందన్న సంగతి ప్రసంగాల్లో తరచుగా వింటూనే ఉంటాము. కానీ మూడో అధ్యాయంలో, చదివేటప్పుడు మనం దాటవేసే ఆ పేర్ల పట్టికలో, ఎవరి ఇంటి ఎదుట ఉన్న గోడను వారు కట్టారని పదేపదే రాసి ఉందని ఎత్తి చూపింది ఈ తరగతిలోనే. ఆ తరువాత ఒక్కొక్కరి చేత తమ సంఘంలో తమ ఇంటి ఎదుటి గోడ ఏదో ఒక వాక్యంలో రాయించారు. సువార్త వ్యాపింపజేయడం, ఆత్మలను రక్షించడం వంటి పెద్ద మాటలు రాసినవారి కాగితాలు వెనక్కి ఇచ్చి మళ్లీ రాయమన్నారు. నా కాగితం రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి, దుకాణానికి ఎరువుల అప్పు కోసం వచ్చే సంఘస్తుల ఇంటి పరిస్థితిని అడిగి తెలుసుకోవడం అని రాశాను. అది ఉంచుకున్నారు.

నాలుగో శనివారం వచ్చినది నల్లగొండ వైపు పల్లెల్లో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక వృద్ధ పాస్టరు గారు. అందరూ అయ్యగారు అని పిలుస్తారు. ఆయన తొమ్మిదిన్నరకే వచ్చి, హాలు తాళం తీసి లేనందున మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పాఠాల పుస్తకం తెరవలేదు. నల్లబల్ల మీద పన్నెండు గడులు గీసి, వాటిలో నెలల పేర్లు రాసి, మీ ఊళ్లో ఏ నెలలో ఎవరు ఉంటారో, ఎవరు ఉండరో చెప్పమన్నారు. అరగంటలో ఆ బల్ల నిండిపోయింది. వానాకాలం పంట చేతికొచ్చాక పుణెకో ముంబయికో కట్టుబడి పనులకు పోయే కుటుంబాలు, ఉగాదికో వానలు పడే ముందో తిరిగి రావడం. కాలువ నీళ్లు అందిన ఊళ్లలో వలస తగ్గినా, నీళ్లందని తండాల్లో తగ్గకపోవడం. నాట్ల కాలంలో బీహారు నుంచి కూలీలు మన పొలాలకే రావడం. మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల్లో కోతల తరువాత రాత్రి పాళీలు నడవడం. ఎవరి ఊరి సంగతి వారు చెబుతుంటే రాస్తూ పోయి, చివరికి సుద్దముక్కతో నవంబరు, డిసెంబరు, జనవరి గడుల మీద అడ్డంగా గీత గీసి, "మన కూటాలన్నీ గీ మూడు నెలల్లనే ఉన్నయి. మన జనం గీ మూడు నెలల్లనే ఊళ్ల ఉండరు" అన్నారు.

దానికి కారణం కూడా ఆయనే వివరించారు. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ దంపతులు అబ్రహాం, మరియ ఫ్రీజెన్‌లు 1889లో ఈ దేశానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండ కేంద్రంగా పని మొదలుపెట్టారు. మహబూబ్‌నగర్‌లో బాప్టిస్టులు నడిపిన పని 1937లో మెన్నొనైట్ బ్రదరన్ మిషన్ చేతికి వచ్చింది. ఆ కాలపు మిషనరీలు చలికాలంలో గుడారాలు వేసుకుని పల్లెలు తిరిగేవారు. వానల్లో బండిబాటలు సాగవు, ఎండల్లో ప్రయాణం ప్రాణం మీదికి వస్తుంది. వారికి అది సరైన కాలం, ఎందుకంటే అప్పుడు కోతలు ముగిసి జనం ఊళ్లోనే తీరికగా ఉండేవారు. ఆ మిషనరీ దొరలు పోయారు, గుడారాలు పోయాయి, చలికాలపు కూటాలు మాత్రం అలవాటుగా మిగిలాయి. తిరుగుతున్నది అదే కాలంలో, కానీ అప్పటి ఊళ్లు కావు ఇవి.

పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో సమయాన్ని పోనివ్వవద్దని హెచ్చరించిన చోట మూలంలో వాడినది గ్రీకు మాట కైరోస్ అని, గంటలూ రోజులూ లెక్కపెట్టే కాలానికి ఆ భాషలోనే క్రోనోస్ అనే మాట వేరుగా ఉందని చెప్పి, దాన్ని మాకు అర్థమయ్యేటట్టు అదును అన్నారు. దుకాణంలో రోజూ నా నోట నలిగే మాట అది. అదునుకు వేయని యూరియా మొక్కకు అందదని రైతులకు చెప్పే నేను, సంఘం విషయంలో అదును ఎవరిదని ఎన్నడూ ఆలోచించలేదు. త్వరపడడం అంటే ప్రసంగికుడు గొంతు పెంచి తొందరపెట్టడం కాదని, ఎదుటి మనిషి దగ్గర ఎంత కాలం మిగిలి ఉందో తెలుసుకుని ఆ లోపల చేరుకోవడమని ఆయన చెప్పినది ఈ శిక్షణ మొత్తానికి సారం అని నా అభిప్రాయం. రుసుములో సగం ఆ ఒక్క శనివారానికే చెల్లిపోయింది.

భోజనం తరువాత నలభై పుటల చిన్న పుస్తకాలు పంచారు. ప్రతి పుటలోనూ నాలుగు గడులు: మనిషి పేరూ ఇల్లూ ఒక గడిలో, ఆ తరువాత ఏమి అడిగారు, నేను ఏ రోజు వస్తానన్నాను, ఏ రోజు వెళ్లాను. అప్పటికప్పుడు, గత నెల రోజుల్లో మమ్మల్ని ఏదైనా అడిగినవారి పేర్లు రాయమన్నారు. నాకు ఏడు పేర్లు గుర్తొచ్చాయి. నాలుగో గడిలో రెండు తేదీలే పడ్డాయి. అయ్యగారు బల్లల మధ్య తిరుగుతూ నా పుస్తకం మీదికి వంగి, అయిదో పేరు మీద వేలు పెట్టి, "ఈ అమ్మ ఏం అడిగింది, నాయనా?" అన్నారు.

ఆమె మా సంఘస్తురాలే. భర్త పుణెకు పోదామంటున్నాడని, ఏడో తరగతి చదివే కూతుర్ని కూడా తీసుకుపోతానంటున్నాడని, వచ్చి అతనితో ఒక మాట మాట్లాడి పిల్లను కస్తూర్బా విద్యాలయంలో చేర్పించేటట్టు చూడమని అడిగింది. క్రిస్మస్ అలంకరణల సమావేశం అయిపోగానే వస్తానన్నాను. ఇది చెబుతుంటే ఆయన ఏమీ అనలేదు, పక్క బల్లకు పోయారు. మరునాడు ఆరాధన ముగియగానే వాళ్ల ఇంటికి వెళ్లాను. తలుపుకు తాళం ఉంది, వాకిట్లో బోర్లించిన నీళ్ల డ్రమ్ము ఉంది. గురువారం రాత్రి బస్సుకే వెళ్లిపోయారని పక్కింటివారు చెప్పారు. ఫోను నంబరు సంపాదించి తండ్రితో మూడుసార్లు మాట్లాడాక, సంక్రాంతి దాటిన తరువాత ఆ పిల్ల నాయనమ్మతో ఊరికి వచ్చింది. ఇప్పుడు బడికి పోతోంది. మధ్యలో పోయిన చదువును తోటి పిల్లల నోటుబుక్కులు చూసి రాసుకుంటోంది. ఆ సమావేశంలో మేము రెండు గంటలు చర్చించినది నక్షత్రం ఏ రంగు కాగితంతో చేయాలన్న విషయం.

నేర్పిన రెండో మనిషి ఏడో శనివారం వచ్చిన, ఆసుపత్రి ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న ఒక నర్సమ్మ. ఈ ప్రాంతంలో జడ్చర్ల మిషన్ ఆసుపత్రి కాలం నుంచీ సేవ అంటే వైద్యం కూడా అన్న భావన ఉన్నా, ఇటీవలి ప్రార్థనా కూటాల్లో రోగం ఎదుట మనం ఎలా ప్రవర్తించాలో చెప్పేవారు అరుదు. ఆమె చాలా సూటిగా చెప్పారు. రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడవద్దు, కూర్చోండి. ప్రార్థన చేయమంటారా అని అడగండి, వద్దంటే బాధపడవద్దు. పది నిమిషాలకు మించి ఉండవద్దు. ఎన్ని ప్రార్థనలు చేసినా మాత్ర ఆపమని మాత్రం నోట రానివ్వవద్దు. క్షయ రోగాన్ని ఉదాహరణగా తీసుకుని ఆమె ఒక గంట మాట్లాడారు. మామూలు క్షయకు మందు ఆరు నెలలు వాడాలి. రెండు నెలలు వాడేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషికి నయమైపోయిందనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే కూటంలో సాక్ష్యం చెప్పించి, మందు మాన్పించేవారు ఉంటారు. మానేస్తే క్రిములు మందుకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది.

వలస పోయే రోగి సంగతి అయ్యగారి పాఠానికి ఆమె వేసిన కొనసాగింపు. క్షయ రోగిగా నమోదైన ప్రతివారికీ నిక్షయ్ గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది చూపిస్తే వేరే రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా చికిత్స కొనసాగించవచ్చు. పోషకాహారానికి కేంద్రం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఊరు విడిచే ముందు ఆ సంఖ్యను ఒక కాగితం మీద రాయించి రోగి జేబులో పెట్టించడం, ఆశా కార్యకర్తకు కబురు చేయడం సంఘ పెద్ద పని అని ఆమె అన్నప్పుడు, పక్కన కూర్చున్న ఒకాయన అది వాక్య పరిచర్య ఎలా అవుతుందని అడిగారు. ఆమె వాదించలేదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు రోజూ అన్నం అందడం లేదన్న ఫిర్యాదు వస్తే, ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని ఏర్పరచినది దేనికోసమో చదవమన్నారు. ఆయన చదివి కూర్చున్నారు.

ప్రసంగ అభ్యాసం రెండు శనివారాలు జరిగింది. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. గడువు కాగానే బల్ల మీది గంట కొడతారు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే యువకుడు నిద్రపోయి మూడో అంతస్తు కిటికీ నుంచి పడిపోయిన కథ మీద మాట్లాడవలసిన అన్న ఒకరు పదకొండు నిమిషాలు దాటినా ఆపలేదు. నవ్వులు సరే, కానీ ఏడు నిమిషాల హద్దు వల్ల ఏది చెప్పాలో కన్నా ఏది వదిలేయాలో తెలిసింది. ఇది బాగుంది, ఇంకో రెండు శనివారాలు పెంచవచ్చు.

పెంచకూడనిది తొమ్మిదో శనివారం. ఆ రోజు ఒక పత్రం ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకునేలోపు ఒక్కొక్కరు కనీసం ఆరుగురు కొత్తవారిని సంఘానికి తెచ్చి, వారి పేర్లు, ఫోను నంబర్లు నింపి ఇవ్వాలన్నారు. ఎరువుల కంపెనీలవాళ్లు ఏటా నాకు పెట్టే టార్గెట్ల కాగితానికీ దానికీ నాకు తేడా కనిపించలేదు. మనుషుల నంబర్లు వాళ్లను అడగకుండా ఇవ్వడం సరికాదని మాలో కొందరం చెప్పాము. పత్రం నింపడం తప్పనిసరి కాదని తరువాతి వారం అన్నారు, కానీ నింపినవారికి ముగింపు సభలో శాలువాలు కప్పారు. అయ్యగారు నేర్పిన అదును ఎదుటి మనిషిది. ఈ పత్రంలోని తొందర సంస్థ వార్షిక నివేదికది. ఒకే శిక్షణలో రెండూ ఉండడం నాకు మింగుడు పడలేదు.

ఇంకొకటి చెప్పక తప్పదు. వంట మనిషి రాని రోజుల్లో వడ్డనకు, గిన్నెలు కడగడానికి స్త్రీ విద్యార్థినులనే లేపారు. నర్సమ్మ పాఠం చివరి అరగంట నలుగురు అక్కలు అలాగే పోగొట్టుకున్నారు. వాళ్లూ 2,400 కట్టినవాళ్లే. బేతనియలో మార్త పని ఒత్తిడిలో ఉంటే మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని విన్నదని మాకు చెప్పినదీ ఇదే హాలులో. పదో శనివారం నుంచి మేము మగవాళ్లం వంతులు వేసుకున్నాము, సంస్థవారు అడ్డు చెప్పలేదు.

ముగింపు సభ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ముఖ్య అతిథి ఆలస్యం, పూలదండలు, ఫొటోలు, మూడు గంటలు.

చేరాలా వద్దా అని అడిగేవారికి నా మాట ఇది. మీ సంఘంలో పాస్టరు గారు ప్రతి ఆదివారం ఉంటే, మీ పని సండే స్కూలు వరకే అయితే, ఇంత దూరం, ఇంత డబ్బు అవసరం లేదు. మా మాదిరిగా పెద్దలే అన్నీ చూసుకునే ఊరైతే తప్పక చేరండి. కట్టే ముందు మాత్రం ఆ విడతలో అయ్యగారు, నర్సమ్మ వస్తున్నారా అని ఫోను చేసి అడగండి. ఆయన వయసు దృష్ట్యా ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. పాఠాల పుస్తకం కోసం చేరవద్దు. రాసుకోవడానికి మీ సొంత పుస్తకం, వీలైతే మీ ఊరి నుంచి ఇంకొక పెద్దను వెంట తెచ్చుకోండి. ఒక్కరే నేర్చుకుని వస్తే, కూటాలు చలికాలంలో కాకుండా ఉగాది తరువాత పెట్టుకుందామని సంఘంలో ఒప్పించడానికి నాకు పట్టినంత కాలం మీకూ పడుతుంది. మా ఊళ్లో ఈసారి ఉపవాస కూటం జూన్ మొదటి వారానికి మార్చాము.

ఈ శిక్షణ కూడా దీపావళి తరువాత మొదలవుతున్నందున, వలస పోయే కుటుంబాల నుంచి నాయకులు కాదగినవారు ఇందులో ఎప్పటికీ చేరలేరు. వచ్చే విడతను జూన్‌లో మొదలుపెట్టమని చివరి శనివారం సంస్థ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చాను. పది రోజుల్లో చెబుతామన్నారు. ఆ తేదీని నా పుస్తకంలో మూడో గడిలో వేసుకున్నాను. నాలుగో గడి ఇంకా ఖాళీగా ఉంది.